దాయాది లెక్క, మేనమామ లెక్క

మా అన్నయ్యకు మూత్రపిండాలు రెండూ పనిచేయడం మానేసిన ఏడాది, రక్తసంబంధం అన్న మాటకు మా ఇంట్లో రెండు అర్థాలు ఒకేసారి కనిపించాయి. కిడ్నీ ఇస్తానని ముందుకు వచ్చినవాడు మా చిన్న మామయ్య, అంటే అమ్మకు ఆఖరి తమ్ముడు. అమ్మకు మధుమేహం, నాన్నకు గుండెజబ్బు ఉన్నందువల్ల వాళ్ళిద్దరినీ వైద్యులు మొదట్లోనే వద్దన్నారు, నా రక్తం గ్రూపు కలవలేదు, మామయ్యది కలిసింది. అయితే 1994 నాటి అవయవ మార్పిడి చట్టం దగ్గరి బంధువులుగా గుర్తించినవాళ్ళలో భార్యాభర్తలు, తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువులు ఉన్నారు, 2011 సవరణతో తాతలూ అమ్మమ్మ నాయనమ్మలూ మనుమలూ మనుమరాళ్ళూ చేరారు గానీ, మేనమామ మాత్రం ఇప్పటికీ ఆ జాబితాలో లేడు. అందువల్ల మామయ్య అనుమతి కమిటీ ముందుకు వెళ్ళవలసి వచ్చింది. ఇచ్చే మనిషి ప్రేమాభిమానాల వల్ల గానీ, మరేదైనా ప్రత్యేక కారణం వల్ల గానీ ఇస్తున్నాడని, అందులో డబ్బు ప్రసక్తి లేదని కమిటీ నిర్ధారించుకోవాలి. "మీరెందుకు ఇస్తున్నారు?" అని వాళ్ళు అడిగితే మామయ్య "మా అక్క కొడుకండీ" అన్నాడట. ఇంకా ఏమైనా చెప్పాలా అని మళ్ళీ మమ్మల్నే అడిగాడు.

ఆ రోజుల్లోనే, మా గోడకు అవతల ఇంట్లో ఉండే పెదనాన్నకూ నాన్నకూ మధ్య ఆరేళ్ళుగా మాటలు లేవు. కాలువ గట్టు పక్కన ఉన్న 30 సెంట్ల పొలం ఎవరి వాటాకు వస్తుందన్నదే తగవు. అన్నయ్య జబ్బు సంగతి తెలిసినా పెదనాన్న గుమ్మం తొక్కలేదు. నేను ఇరవై ఏళ్ళకు పైగా డిగ్రీ విద్యార్థులకు జంతుశాస్త్రం చెబుతున్నాను. బంధువుల మధ్య జన్యువుల పాలు ఎంతో బల్ల మీద ఎన్నిసార్లు గీసి చూపించానో లెక్క లేదు. ఆ లెక్క ప్రకారం అన్నయ్యకు పెదనాన్న ఎంతో మేనమామా అంతే: ఇద్దరిదీ నాలుగో వంతు. ఒకే నాలుగో వంతులో ఒకరు తన శరీరంలో భాగాన్ని కోసి ఇచ్చారు, మరొకరు పలకరించలేదు. ఈ తేడాను చూసిన తర్వాత, పరోపకార గుణం జీవపరిణామంలో ఎలా పుట్టిందన్నదాని గురించి నేను క్లాసులో చెబుతూ వచ్చిన పాఠంలో సగమే చెబుతున్నానని నాకు అర్థమైంది. మిగిలిన సగం గురించే ఈ వ్యాసం.

మొదటి సగం చాలామందికి తెలిసినదే. సంతానం కనలేని పనిచీమలు తరతరాలుగా ఎలా పుడుతున్నాయన్న ప్రశ్న డార్విన్‌ను బాగా ఇబ్బంది పెట్టింది. అది మొదట తనకు దాటరాని చిక్కుగా, తన సిద్ధాంతం మొత్తానికే ప్రాణాంతకంగా తోచిందని 1859లో ఆయనే రాసుకున్నాడు. ప్రకృతి వరణం, అంటే మనుగడకు పనికొచ్చే లక్షణాలు తరతరాలకూ నిలిచిపోయే తీరు, ఒక్కొక్క ప్రాణి మీదే కాక కుటుంబం మీద కూడా పనిచేయగలదని, కోసిన పశువు మాంసం బాగుంటే పెంపకందారు ఆ పశువు సొంత కుటుంబం నుంచే మళ్ళీ దూడలను తీస్తాడు కదా అని, జన్యువు అన్న ఊహే లేని కాలంలో ఆయన దాదాపు సరైన జవాబు చెప్పగలిగాడు. ఆ తర్వాత 1955లో జన్యుశాస్త్రజ్ఞుడు జె.బి.ఎస్. హాల్డేన్ ఒక వ్యాసంలో, నదిలో మునిగిపోతున్న పిల్లవాడి కోసం దూకే స్వభావాన్ని ఇచ్చే అరుదైన జన్యువు ఒకటి ఉందనుకుని లెక్క వేశాడు. దూకినవాడు చనిపోయే అవకాశం పదింట ఒకటి అనుకుంటే, మునుగుతున్నది సొంత బిడ్డో తోబుట్టువో అయినప్పుడు, వాళ్ళలో అదే జన్యువు ఉండే అవకాశం సగం కాబట్టి, ఆ జన్యువు ఒక ప్రతి పోయే చోట అయిదు ప్రతులు దక్కుతాయి; మనుమడో మేనల్లుడో అయితే రెండున్నర దక్కుతాయి. తాను నిజజీవితంలో రెండుసార్లు నీళ్ళలోంచి మనుషులను బయటకు లాగినప్పుడు ఇలాంటి లెక్కలకు తనకు సమయం దొరకలేదని కూడా ఆయన అక్కడే రాశాడు. ఈ మాటను గుర్తుంచుకోవాలి. మళ్ళీ దీని దగ్గరకు వస్తాను.

ఆ ఊహను పూర్తి గణితంగా మలచినవాడు జీవశాస్త్రజ్ఞుడు విలియం హామిల్టన్. లండన్‌లో పరిశోధక విద్యార్థిగా ఉన్నప్పుడు అతని పనిని అర్థం చేసుకునేవాళ్ళు పక్కన లేక, గది ఒంటరితనం భరించలేక వాటర్లూ రైల్వే స్టేషన్ బల్లల మీద కూర్చుని రాసుకునేవాడు. 1964లో రెండు భాగాలుగా వెలువడిన అతని పత్రం సారాంశం ఒక్క వాక్యంలో చెప్పవచ్చు: సాయం పొందినవాడికి కలిగే లాభాన్ని ఇద్దరి మధ్య ఉన్న బంధుత్వంతో గుణిస్తే వచ్చేది, సాయం చేసినవాడికి కలిగే నష్టం కన్నా ఎక్కువైనప్పుడు ఆ సాయగుణానికి కారణమైన జన్యువు వ్యాపిస్తుంది. లాభనష్టాలను ఇక్కడ సంతానం సంఖ్యలో కొలుస్తారు. బంధుత్వం అంటే డీఎన్‌ఏ ఎంత శాతం కలుస్తుందన్నది కాదని విద్యార్థులకు ప్రతి ఏడాదీ చెప్పవలసి వస్తుంది, ఎందుకంటే ఏ ఇద్దరు మనుషులను తీసుకున్నా వాళ్ళ డీఎన్‌ఏ 99.9 శాతం దాకా ఒకటే. చుట్టూ ఉన్న జనాభా సగటుతో పోలిస్తే ఒక ప్రత్యేక జన్యువు ఇద్దరిలోనూ ఉండే అవకాశం ఎంత ఎక్కువ అన్నదే ఆ కొలత. జాన్ మేనార్డ్ స్మిత్ అదే ఏడాది దీనికి బంధుత్వ వరణం అని పేరు పెట్టాడు.

ఈ సూత్రం బల్ల మీది గీతల్లోనే ఉండిపోలేదు. కాలిఫోర్నియాలోని టయోగా కనుమ దగ్గర బెల్డింగ్ నేల ఉడుతలను ఏళ్ళ తరబడి గమనించిన పాల్ షెర్మన్ 1977లో ప్రకటించిన ఫలితాలు నాకు ఇప్పటికీ ఆశ్చర్యం కలిగిస్తాయి. నేల మీద వేటాడే మృగం కనిపించినప్పుడు అరిచి హెచ్చరించే ఉడుతనే ఆ మృగం ఎక్కువగా వెంటాడుతుంది. అయినా అరిచేవి ఉన్నాయి, అవి ఎక్కువగా ఆడవే. ఈ జాతిలో మగవి పెరిగాక పుట్టిన చోటు వదిలి వెళ్ళిపోతాయి, ఆడవి అక్కడే ఉండిపోతాయి కాబట్టి ఆడ ఉడుతల చుట్టూ కూతుళ్ళూ అక్కచెల్లెళ్ళూ ఉంటారు. చుట్టూ బంధువులున్న ఆడ ఉడుతలు, లేనివాటికన్నా ఎక్కువగా అరుస్తాయి.

ఇక్కడిదాకా చెప్పి ఆపేస్తే, బంధుత్వం ఎంత దగ్గరైతే ప్రేమ అంత ఎక్కువ అన్న సులువైన పాఠం మిగులుతుంది. మన ఇళ్ళలో రక్తసంబంధం అన్న మాటను వాడే తీరుకు అది చక్కగా అతుకుతుంది కూడా. కానీ సూత్రంలో ఉన్నవి మూడు రాశులు. బంధుత్వం అందులో ఒకటి మాత్రమే. లాభం, నష్టం అన్న మిగతా రెండింటినీ అందరూ, కొంతకాలం శాస్త్రజ్ఞులు కూడా, వెనక బెంచీలో కూర్చోబెట్టారు.

అలా కూర్చోబెట్టడానికి ఒక అందమైన ఊహ కారణమైంది. చీమలలో, తేనెటీగలలో, కందిరీగలలో ఫలదీకరణ జరగని గుడ్డు నుంచి మగది పుడుతుంది; దాని జన్యువులన్నీ కూతుళ్ళందరికీ ఒకేలా అందుతాయి కాబట్టి, ఒకే తండ్రికి పుట్టిన అక్కచెల్లెళ్ళ మధ్య బంధుత్వం నాలుగింట మూడు వంతులు అవుతుంది, అంటే తల్లీకూతుళ్ళ మధ్య ఉన్న సగం కన్నా ఎక్కువ. సొంత కూతురిని కనడం కన్నా చెల్లెలిని పెంచడమే లాభమైనప్పుడు ఇక గొడ్డు పనిచీమ మిస్టరీ ఏముందని ఒక తరం అంతా సంబరపడింది. కానీ అదే లెక్కలో అక్కకూ తమ్ముడికీ మధ్య బంధుత్వం నాలుగో వంతుకు పడిపోతుంది, రెండూ కలిపితే సగటు మళ్ళీ సగమే. పైగా తేనెటీగల రాణి ఒకటి కాదు, పది పన్నెండు మగవాటితో జతకడుతుంది కాబట్టి తుట్టెలో ఎక్కువమంది సవతి అక్కచెల్లెళ్ళే. చెదపురుగులలో ఆడా మగా ఇద్దరూ మనలాగే పుడతారు, అయినా వాటి పుట్టల్లో సంతానం లేని పనివాళ్ళున్నారు.

ఈ విషయంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచే పని మన పక్కనే బెంగళూరులో, ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో జరిగింది. రాఘవేంద్ర గడగ్‌కర్, ఆయన విద్యార్థులు రోపాలిడియా మార్జినాటా అనే కందిరీగ మీద దశాబ్దాలు వెచ్చించారు. దక్షిణాదిలో గోడల మీదా, చూరు కిందా, కిటికీ మూలల్లోనూ కాగితం లాంటి చిన్న గూడు కట్టే కందిరీగ ఇది. దీని రాణి పలు మగవాటితో జతకడుతుంది. ఒక రాణి పోయి మరొకటి వస్తూ ఉంటుంది. అందువల్ల పనిచేసే ఈగ పెంచే పిల్లలు చెల్లెళ్ళే కావాలని లేదు, ఒక్కోసారి అవి ఇంకా దూరపు చుట్టాలు. ఎలా చూసినా సొంతంగా గూడు కట్టుకుని కూతుళ్ళను కంటే దక్కే బంధుత్వం కన్నా ఇది తక్కువే. సొంత గూడు పెట్టుకునే శక్తి ఈ ఈగలకు లేక కాదు. కొన్ని పెట్టుకుంటాయి కూడా. అయినా ఎక్కువవి ఇతరుల పిల్లలను పెంచుతూ ఎందుకు ఉండిపోతాయన్న ప్రశ్నకు జవాబు బంధుత్వంలో దొరకదు, లాభనష్టాలలో దొరుకుతుంది. ఒంటరిగా గూడు పెట్టిన ఈగ, పిల్లలు ఎదిగేలోగా చనిపోతే దాని శ్రమంతా వృథా. గుంపులో పనిచేసిన ఈగ మధ్యలో చనిపోయినా, అది సగం పెంచిన పిల్లలను మరొకటి అందుకుని పెద్ద చేస్తుంది. చిన్న బంధుత్వమే అయినా భరోసా ఉన్న రాబడితో గుణించినప్పుడు, పెద్ద బంధుత్వాన్ని సందేహాస్పదమైన రాబడితో గుణించినదానికన్నా ఎక్కువ వస్తుంది.

ఇది ఒక పక్క. బంధుత్వం తక్కువైనా త్యాగం నిలబడగలదని కందిరీగ చూపిస్తే, బంధుత్వం ఎంత దగ్గరైనా త్యాగం పుట్టని చోటు ఒకటుంది. అది మేడిపండు.

మేడిపండు పొట్టలో పురుగులుంటాయని బడిలో పద్యం వల్లించిన ప్రతివారికీ తెలుసు. ఆ పురుగులలో ముఖ్యమైనవి మేడి జాతి చెట్ల కాయల్లో పుట్టి పెరిగే చిన్న చిన్న కందిరీగలు. వాటిలో కొన్ని జాతుల మగవాటికి రెక్కలు ఉండవు. పుట్టిన కాయలోనే బతికి, అక్కడే జతకట్టి, అక్కడే చనిపోతాయి. వాటికి ఉన్న పదునైన దవడలతో తోటి మగవాటిని చీల్చి చంపుతాయి. ఒక కాయలో కలిసి పెరిగిన మగవి చాలాసార్లు అన్నదమ్ములే. హామిల్టన్ సూత్రాన్ని సగమే నేర్చుకున్నవాడు, అన్నదమ్ములున్న కాయలో కొట్లాట తక్కువగా ఉండాలని ఊహిస్తాడు. స్టువర్ట్ వెస్ట్, ఆయన సహచరులు 2001లో అనేక జాతుల్లో పోల్చి చూస్తే, మగవాటి మధ్య బంధుత్వానికీ అవి కొట్టుకునే తీవ్రతకూ సంబంధమే కనిపించలేదు. జతకట్టే అవకాశాలు తక్కువైన చోట కొట్లాట ఎక్కువగా ఉంది, అంతే.

కారణం ఆలోచిస్తే సులువుగానే అందుతుంది. కాయలో ఉన్న ఆడవాటి సంఖ్య ఇంతే అని తేలిపోయింది. నేను మా తమ్ముడిని వదిలిపెడితే వాడికి దక్కే జత, కచ్చితంగా నాకో, మరో తమ్ముడికో దక్కకుండా పోయే జతే. సాయం వల్ల కలిగిన లాభాన్ని మరో బంధువే చెల్లించవలసి వచ్చినప్పుడు బంధుత్వం తనను తానే కొట్టేసుకుంటుంది. పీటర్ టేలర్ 1992లో ఒక సరళమైన నమూనాతో దీన్ని గణితంగా నిరూపించాడు: అందరూ పుట్టిన చోటి చుట్టుపక్కలే ఉండిపోయి, అక్కడి జాగా కోసమే పోటీ పడితే, ఇరుగుపొరుగు బంధువులు కావడం వల్ల వచ్చే ప్రయోజనాన్ని ఇరుగుపొరుగుతో పోటీ పూర్తిగా రద్దు చేస్తుంది.

ఈ పత్రాలు చదివేటప్పుడు నాకు పదేపదే గుర్తుకు వచ్చిన మాట దాయాది. దాయం అంటే వారసత్వపు పాలు. దాన్ని పొందేవాడు దాయాది. పాత తెలుగులో దాయ అన్న మాటకు జ్ఞాతి అనీ అర్థముంది, శత్రువు అనీ అర్థముంది. పాలు పంచుకునేవాడికీ పగవాడికీ ఒకే మాట చాలునని అనుకున్న మన పూర్వులకు, తండ్రి వైపు బంధుత్వం ఒకే కాయలోని బంధుత్వమని తెలిసే ఉండాలి. నాన్నకూ పెదనాన్నకూ ఒకే తండ్రి, ఒకే పొలం, ఒకే కాలువ గట్టు. ఒకరికి పెరిగిన సెంటు మరొకరికి తరిగిన సెంటు. మామయ్యకూ మాకూ మధ్య పంచుకోవలసిన గట్టు ఏదీ లేదు. తండ్రి ఎవరన్నది ఎప్పుడూ తల్లి ఎవరన్నంత నిశ్చయం కాదు కాబట్టి మేనమామ ప్రేమకు పునాది గట్టిదని కొందరు పరిశోధకులు చెప్పే కారణాన్ని నేను కాదనను. కానీ మా రెండిళ్ళ మధ్య తేడాకు అంత దూరం వెళ్ళనక్కరలేదు.

జన్యువులు పొలం తగవులు పెడతాయని నేను అనడం లేదు. భూమి చట్టాలు, ఊరి పెద్దలు, మాట పట్టింపులు, మనుషుల స్వభావాలు ఎన్నో కలిసి ఒక తగవు అవుతాయి. సూత్రం నాకు ఇచ్చింది ఒక ప్రశ్న మాత్రమే: ఈ సాయం ఖర్చు చివరికి ఎవరి పాలు నుంచి వస్తుంది? ఆపరేషన్ ముందు రోజు రక్తం యూనిట్లు కావలసి వచ్చినప్పుడు పెదనాన్న రెండో కొడుకు ఎవరూ పిలవకుండానే బ్లడ్ బ్యాంకుకు వచ్చి, రక్తం ఇచ్చి, పై అంతస్తులో ఉన్న మమ్మల్ని చూడకుండానే వెళ్ళిపోయాడు. అన్నయ్యతో వాడి బంధుత్వం ఎనిమిదో వంతు. ఇచ్చిన రక్తం కొద్ది వారాల్లో మళ్ళీ పడుతుంది, దానికి 30 సెంట్లతో ఏ సంబంధమూ లేదు. పెదనాన్నకు తెలిసే వచ్చాడా, తెలియకుండా వచ్చాడా అన్నది మేము ఇప్పటికీ అడగలేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. దాన్ని నేను మా బంధువుల నోటనే విన్నాను. ఆంధ్రప్రదేశ్‌లో 1985 నుంచి పెళ్ళికాని ఆడపిల్లలకు, హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణతో దేశమంతటా హిందూ ఆడపిల్లలందరికీ ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా హక్కు వచ్చింది. దాయం పంచుకోవడమే దాయాది పగకు మూలమైతే, అక్కచెల్లెళ్ళకు వాటా ఇవ్వడం వల్ల మేనమామలు కూడా దాయాదులు అయిపోరా, ఉన్న ఒక్క నిర్మలమైన బంధాన్నీ పాడుచేసుకోవడమే కదా అని. నేను దీనితో ఏకీభవించను. హామిల్టన్ లెక్కలో నష్టం అన్న రాశి ఎవరి ఖాతాలో పడుతుందో తప్పకుండా రాయాలి. అమ్మ పుట్టింటి నాలుగెకరాలూ ముగ్గురు తమ్ముళ్ళకే వెళ్ళాయి. అమ్మకు పండక్కి చీరలు వచ్చాయి. ఆ ప్రేమ నిర్మలంగా ఉండడానికి అయిన ఖర్చును మొదట చెల్లించింది అమ్మ. తమ్ముడి త్యాగం కమిటీ ముందు నమోదైంది. అక్క త్యాగాన్ని ఎవరూ ఎక్కడా రాసుకోలేదు. ఈ మాట మామయ్యతో అన్నప్పుడు ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, ఆ తర్వాత "అది నిజమేరా" అన్నాడు. వాటా అడిగితే చెడిపోయే ప్రేమ, అడగనంతకాలం అడగని మనిషి ఖర్చుతో నడిచిన ప్రేమే.

మన వరసలు జన్యువుల లెక్కను పాటించవన్నది మరో అభ్యంతరం. మనిషి బంధుత్వాలు జీవశాస్త్రపు భిన్నాలతో నడవవని మానవశాస్త్రజ్ఞుడు మార్షల్ సాలిన్స్ 1976లో గట్టిగా వాదించాడు. దానికి తెలుగు ఇల్లు కన్నా మంచి సాక్ష్యం దొరకదు: చిన్నాన్న కొడుకు తమ్ముడు, మేనత్త కొడుకు బావ, ఇద్దరిదీ ఎనిమిదో వంతే అయినా ఒకరితో పెళ్ళి ఊహించడమే పాపం, మరొకరితో పెళ్ళి తరతరాల ఆచారం. 1957లో ఇండియాకు వచ్చి స్థిరపడిన హాల్డేన్‌ను ఈ మేనరికాలు ఎంతో ఆకర్షించాయి. పిఠాపురంలో పుట్టిన ఆయన శిష్యుడు ద్రోణంరాజు కృష్ణారావు, మీరా ఖాన్‌తో కలిసి 1960లలో ఆంధ్రలో వాటి మీద పరిశోధన చేశాడు. మేనమామ మేనకోడలిని పెళ్ళాడిన ఇంట్లో తాతా మామా వరసలు ఎలా కలిసిపోతాయో, భిన్నాలు ఎలా పెరుగుతాయో వంశవృక్షం గీస్తే తెలుస్తుంది.

అయితే ఏ ప్రాణీ భిన్నాలు లెక్కపెట్టనవసరం లేదు. కాకి తన గూటిలో నోరు తెరిచిన ప్రతి పిల్లకూ మేత పెడుతుంది, ఎందుకంటే యుగాల తరబడి గూటిలో ఉన్నవి తన పిల్లలే. ఆ గుర్తును నమ్ముకునే కోకిల అక్కడ గుడ్డు పెట్టి పోతుంది. మనుషుల్లోనూ ఇలాంటి గుర్తులున్నాయని 2007లో లీబర్‌మన్, టూబీ, కాస్మిడెస్ చూపించారు: అమ్మ ఒళ్ళో పసిబిడ్డగా చూసిన తోబుట్టువు పట్ల, లేదా ఒకే కప్పు కింద ఎక్కువ ఏళ్ళు కలిసి పెరిగిన తోబుట్టువు పట్ల సాయం చేసే గుణం ఎక్కువగా ఉంటుంది. మామయ్య కాలేజీ చదువు అయిదేళ్ళూ మా ఇంట్లోనే ఉండి చదివాడు. అన్నయ్య పుట్టినది ఆ అయిదేళ్ళలోనే. రాత్రిళ్ళు అమ్మకు నిద్ర చాలక, భుజాన వేసుకుని వరండాలో తిప్పి నిద్రపుచ్చినవాడు ఆయనే. కమిటీ ముందు ఆయన చెప్పలేకపోయిన మిగతా జవాబు ఇదేనని నేననుకుంటాను.

అందువల్లే, కులాన్ని ఒక పెద్ద కుటుంబమని, మనవాళ్ళకు మనం చేసుకోవడం ప్రకృతి ధర్మమని చెప్పడానికి జీవశాస్త్రాన్ని సాక్ష్యానికి పిలిచేవాళ్ళను చూస్తే నాకు కోపం వస్తుంది. బంధుత్వం ఒక్కో మెట్టుకూ వేగంగా కరిగిపోతుంది: అన్నదమ్ముల మనుమలైన దాయాదుల మధ్య ముప్పై రెండో వంతు, మునిమనుమల మధ్య నూట ఇరవై ఎనిమిదో వంతు. ఆ తర్వాత మిగిలేది పేరు మాత్రమే. లోపల్లోపలే పెళ్ళిళ్ళు చేసుకున్నందువల్ల జన్యువులు దగ్గరైనా, సంబంధాల కోసం, పొలాల కోసం, పదవుల కోసం ముందుగా పోటీ పడేది కూడా ఆ లోపలివాళ్ళతోనే. అది మేడిపండు లెక్క.

హాల్డేన్ 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో చనిపోయాడు. హామిల్టన్ పత్రం అచ్చయిన ఏడాదే అది. ఆయనకు పిల్లలు లేరు. మునిగిపోతున్న బంధువుల లెక్క మొదటగా వేసినవాళ్ళలో ఒకడైన ఆ మనిషి, తన శరీరంతో ఇక తనకు పని ఉండదని, దాన్ని ఇతరులు వాడుకోవాలని రాసిపెట్టాడు. ఆయన కోరిక ప్రకారం అది కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు చేరింది. ఆ కళాశాల విద్యార్థులలో ఏ ఒక్కరితోనూ ఆయనకు బంధుత్వం లేదు. దీన్ని హామిల్టన్ సూత్రం వివరిస్తుందని నేను చెప్పను, విద్యార్థులకు చెప్పనివ్వను కూడా. నీళ్ళలో దూకినప్పుడు లెక్కకు సమయం దొరకలేదన్నాడు. ఇక్కడ సమయం కావలసినంత ఉంది, అయినా ఇలాగే రాశాడు.

ఈ సంగతి మామయ్యకు నేనే చెప్పాను. పోయిన ఏడాది ఆయన అదే కళాశాలకు దేహదానానికి అంగీకార పత్రం రాసి ఇచ్చాడు. ఒక కిడ్నీయే ఉన్న శరీరం పాఠానికి పనికొస్తుందా అని నన్ను రెండుసార్లు అడిగాడు. ఎందుకు ఇస్తున్నారని ఈసారి ఏ కమిటీ అడగలేదు. పత్రం కింద సాక్షి సంతకాల్లో ఒకటి మా అన్నయ్యది.